జలపాతం వెనక పిలుపు

ఆ ఇంటి పెరటి సంగతి ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పొద్దు వాలాక అటు వెళ్ళకండి, అంటారు. వెళితే ఏమవుతుందయ్యా అంటే మాత్రం నీళ్ళు నములుతారు. వెళ్ళి చూసినవాళ్ళు ఉంటేగా!

విన్నవాళ్ళు ఉన్నారు. చీకటి పడే వేళకి పెరటి మూల నుంచి ఒక మగగొంతు వస్తుందట. సన్నగా... ఎక్కడో అడుగు నుంచి వచ్చినట్టు... “అమ్మా” అని పిలుస్తుందట. ఆ తర్వాత ఇంకేదో అంటుంది. ఏమంటుందని అడిగితే తలో మాటా చెబుతారు. “అమ్మా” దగ్గరే చెప్పులు వదిలేసి పరిగెత్తినవాళ్ళు తర్వాతి మాట ఎలా వింటారు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ కథ చెప్పిన రాళ్ళమేస్త్రికీ లేదు — అప్పట్లో. మా ప్రహరీ గోడ కడుతూ, మధ్యలో టీకి కూర్చున్నప్పుడు చెప్పాడు. చెబుతున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. సిమెంటు దుమ్ము పీల్చి పీల్చి పట్టుకున్న దగ్గు. ముక్కుకి గుడ్డ కట్టుకోమని వాళ్ళావిడ రోజూ పోరుతుందట. ఈయన చెవికెక్కితే కదా.

ఆ ఇంటాయన ఒకరోజు ఈ మేస్త్రిని పిలిపించి, పెరటి మూల చిన్న కొలను తవ్వి, అందులోకి దూకేట్టు జలపాతం కట్టమన్నాడు.

“చేపలు పెంచుతారా సార్?” అన్నాడు మేస్త్రి.

ఇంటాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “చేపలూ లేవు గీపలూ లేవు. నాకు చప్పుడు కావాలి మేస్త్రీ. నీళ్ళు ఎలా పడాలంటే... పక్కన మనిషి అరిచినా ఇంట్లోకి వినపడకూడదు.”

మేస్త్రికి నవ్వాగలేదు. దయ్యాన్ని తరమడం చేతకాక దాని నోరు మూయించడానికి జలపాతం! సరే, మనకెందుకులే అనుకుని పనిలోకి దిగాడు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. ఇంటాయన, ఆయన భార్య, తల్లి. ఆ పెద్దావిడ గది కిటికీ సరిగ్గా పెరటి మూలకే తెరుచుకుంటుంది. పని జరుగుతున్నంతకాలం ఆవిడ అక్కడే కూర్చుని చూసేది.

“మీకు భయం వెయ్యదా అమ్మా?” అని అడిగాడు మేస్త్రి ఒకసారి.

“అలవాటైపోయింది నాయనా. పాపం, ఏదో కష్టంలో ఉన్న గొంతు.”

“ఇంతకీ ఏమంటుందండీ?”

“అర్థంపర్థం లేని మాటలే. చెబితే నవ్వుతావు,” అని ఊరుకుంది.

మేస్త్రి కొలను తవ్వి, నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచాడు. ఆ పట్టానే వెనకనున్న మట్టిదిబ్బ మీదిదాకా లాగి, దాని మీద బండరాళ్ళు మెట్లుమెట్లుగా పేర్చాడు. కొలను అడుగున మోటరు. దాన్నుంచి పైపు రాళ్ళ వెనకగా పైకి వెళుతుంది. రేపు ఆ పైపుకేదైనా అయితే బాగుచెయ్యాలి కదా... అందుకని రాళ్ళ వెనక ఒక సందు వదిలాడు. బోర్లా పడుకుంటే మనిషి దూరేంత సందు.

పని పూర్తయిన సాయంత్రం స్విచ్చి వేసి చూపించాడు. నీళ్ళు ధబధబా దూకాయి. ఇంటాయన ముఖం చూడాలి! భార్య కూడా ఎన్నాళ్ళకో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మేస్త్రి మోటరు ఆపి, చేతులు కడుక్కుని, అందరికీ చెప్పి బయల్దేరాడు.

వీధి చివరికి వెళ్ళేసరికి మనసులో ఏదో పీకింది. కొలనులో నీళ్ళు కాస్త తగ్గినట్టున్నాయే... రాళ్ళ వెనక్కి గానీ కారడం లేదు కదా?

అంతమంది మెచ్చుకున్నాక వెనక్కెళ్ళి “లీకుందండీ” అనడానికి నామోషీ. చడీచప్పుడూ లేకుండా చూసి, బిగించి వచ్చేద్దామనుకున్నాడు. పెరటి తలుపు మెల్లగా తోసుకుని వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. సందులోకి దూరాడు — ముందు తల, తర్వాత భుజాలు, నడుము...

అనుమానం నిజమే. పైపు అతుకు దగ్గర చిమ్మిన నీళ్ళు లోపల పట్టా గుంటలో చేరాయి. అతుకు బిగిద్దామని మోచెయ్యి పక్కకి ఆనించాడో లేదో — వెనక ఏదో కదిలింది.

గర్‌ర్‌మని చప్పుడు... కాళ్ళ మీద బరువు.

ఇంకా ఆరని సిమెంటులో నిలబెట్టిన బండ జారి, సరిగ్గా పిక్కల మీద పడింది. కాలు విరగలేదు. కానీ కదలదు. ముందుకి రాళ్ళు, వెనక బండ. తలెత్తితే నెత్తికి రాయి, దించితే గడ్డానికి నీళ్ళు. చేతులు పక్కలకి తీసుకుందామన్నా చోటు లేదు. అన్నీ తను పేర్చిన రాళ్ళే.

బయట వెలుగు పోతోంది.

“అమ్మా!” అని అరిచాడు. “అమ్మా... ఎవరైనా రండి...”

గొంతు రాళ్ళ మధ్య నలిగి, తనకే తనదిలా అనిపించలేదు. వంటింటి కిటికీలోంచి ఇంటాయన భార్య మాట గుసగుసగా వినిపించింది.

“ఏమండీ... మొదలైంది.”

మేస్త్రికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా గట్టిగా అరిచాడు. ఎంత గట్టిగా అరిస్తే వాళ్ళకి అంత భయం!

“ఇవాళ మరీ గోలగా ఉంది. స్విచ్చి వెయ్యండి, తొందరగా!”

“వద్దు... వద్దు సార్—”

టక్.

చెవి పక్కన పైపు వణికింది. మరుక్షణం నెత్తిమీద నీళ్ళు విరుచుకుపడ్డాయి. ఇక ఇంట్లో మాటల్లేవు, వీధిలో చప్పుళ్ళు లేవు, నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. పక్కన మనిషి అరిచినా వినపడకూడదు అన్నాడు కదా ఇంటాయన. అలాగే కట్టిపెట్టాడు మేస్త్రి.

అతుకు దగ్గర నీళ్ళు చిమ్ముతున్నాయి. గుంట నిండుతోంది. గడ్డం మునిగింది... కింది పెదవి మునిగింది. ఇంటి దగ్గర భార్య గుమ్మంలోకొచ్చి చూస్తూ ఉంటుంది. రాత్రికి ఇక్కడికొచ్చి అడుగుతారు. సాయంత్రమే వెళ్ళిపోయాడండీ అంటారు వీళ్ళు. చెప్పి వెళ్ళినవాణ్ణి ఇక్కడెవరు వెతుకుతారు? అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, అని నాతో చెబుతున్నప్పుడు కూడా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఉన్న ఓపికంతా కూడగట్టుకుని మూతి పైకెత్తాడు.

“నీళ్ళు ఆపండమ్మా... ఆపండి...”

నోట్లోకి నీళ్ళొచ్చాయి. పొలమారింది. ఎప్పటి దగ్గు తెర ముంచుకొచ్చింది... కళ్ళు బైర్లు కమ్మాయి...

హోరు ఆగిపోయింది.

గుంటలో నీళ్ళు పట్టా మడతల్లోంచి మెల్లగా జారాయి. వెనకనుంచి టార్చి వెలుగు పడింది.

“ఎవరయ్యా లోపల?” పెద్దావిడ గొంతు.

ఆ తర్వాత తెలిసిందట. పెరటి మూలకే తెరుచుకున్న కిటికీ కాబట్టి, ఆ హోరులోనూ ఆవిడకి వినపడింది. గదిలోంచి లేచొచ్చి స్విచ్చి మీద చెయ్యి వేస్తే, కొడుకు అడ్డం పడ్డాడు. “వద్దమ్మా! అది—”

“తప్పుకోరా! దయ్యం ఎక్కడైనా దగ్గుతుందా?”

గునపంతో బండ పెకలించి, కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు. ఇంటాయన భార్య తువ్వాలు కప్పి, వేడివేడి టీ తెచ్చిచ్చి, ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి మెట్టు మీద కూర్చుని వణుకుతున్నాడు.

పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది.

“లోపల్నించి ఏమని అరిచావు నాయనా?”

“నీళ్ళు ఆపమనమ్మా.”

“అలా కాదు. ఎలా అన్నావో అలాగే చెప్పు.”

“నీళ్ళు ఆపండమ్మా... ఆపండి... అని.”

ఆవిడ కొలను వైపు చెయ్యి చూపించింది.

“నేనీ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఈ పెరట్లో కుళాయి కూడా లేదు. ఎండిపోయిన మట్టి. అప్పటి నుంచీ అదే మాట. నీళ్ళు ఆపండమ్మా, ఆపండి... ఎక్కడి నీళ్ళు, ఎవరాపాలి? పిచ్చిదాన్నంటారని ఎవరికీ చెప్పలేదు.”

“మరి... ఇవాళెందుకు లేచొచ్చారమ్మా?”

“రోజూ ఆ మాట దగ్గరే ఆగిపోయేది,” అందావిడ. “ఆ తర్వాత ఇంకేమీ ఉండేది కాదు. ఇన్నేళ్ళలో ఇవాళొక్కరోజే... ఆ తర్వాత దగ్గు వినపడింది.”

ఆ పెరట్లో మళ్ళీ ఎవరూ పిలవలేదట.

ఇంతవరకూ చెప్పి, మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి మా గోడ పనికి లేచాడు. సిమెంటు బస్తా విప్పి కుమ్మరించాడు. దుమ్ము గుప్పుమని లేచింది. ముక్కుకి గుడ్డ కట్టుకోవయ్యా అందామని నోటిదాకా వచ్చింది... ఎందుకో అనలేకపోయాను.