వంక మీద పద్దెనిమిది అడుగులు

తెల్లవారి ఆరు గంటలకు కాలనీ దారి తనను తాను సర్దుకోవడం మొదలుపెట్టింది. రాత్రి వానకు నల్లరేగడిలో అటూ ఇటూ జారిన బాటపలకలు, అడుగున ఉన్న చిన్న కాళ్లతో పాకుతూ వచ్చి జంటలు జంటలుగా అంచులు కలుపుకుని బిగుసుకున్నాయి. దారటి సుంకులమ్మ చేతికర్రతో ఒక్కో జంటనూ తట్టి చూసుకుంటూ నడుస్తోంది. చెరువు నీళ్లు పంచే మనిషిని పూర్వం నీరటి అనేవారు. దారిని చూసుకునే ఈ కొత్త ఉద్యోగానికి జనమే దారటి అని పేరు పెట్టేశారు. ప్రభుత్వం పెట్టిన పేరు నాలుగు మాటల పొడవుంటుంది, అది ఆమెకే గుర్తుండదు.

కాలనీని రెండుగా చీల్చే వంక దగ్గరకు వచ్చేసరికి కర్ర ఆగిపోయింది. పద్దెనిమిది జంటల పలకలు బూడిదరంగుకు తిరిగి, అంచులు ముడుచుకుని ఉన్నాయి.

"ఏమైంది వీటికి?" అని అడిగింది.

దారి లెక్కలు చూసే యంత్రం, దారిగణకం, ఆమె చెవిలోని చెవిపూసలోంచి నిదానంగా జవాబిచ్చింది. "ఇవి కీర్తిశేషులు కాశింపీర గారి పలకలు. వారసులు లేనందున వెనక్కి తీసుకోబడుతున్నాయి. రేపు ఉదయం బయలుదేరి వేరే కాలనీకి వెళతాయి."

నాలుగు రోజుల్లో ఇల్లు అచ్చుపోసి నిలబెట్టడం వచ్చాక, ఆ ఇళ్లకు దారి ఎవరు వెయ్యాలన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. ఇళ్లు లేచాయి గానీ దారులు రాలేదు. కొత్త ఇంటివాళ్లు మోకాటి బురదలో చెప్పులు చేతబట్టుకుని కాపురాలు చేశారు. చివరికి ఒక చట్టం ఆ తగువు తీర్చింది. ప్రతి ఇల్లూ తన దారిని తానే వెంట తెచ్చుకోవాలి. ఇంటి ధరలోనే ముప్పై ఆరు బాటపలకలు కలిసి వస్తాయి, ఒక్కోదాని కడుపులో యజమాని పేరుబిళ్ల ఉంటుంది. ఇల్లు వదిలిపోతే పలకలూ వెంట పోతాయి. గిట్టనివాళ్లు తొక్కకుండా తాళం కూడా వేసుకోవచ్చు. తాళం వేసిన పలక మీద కానివాళ్లు కాలు పెడితే అది ఆపదు, ఊగుతుంది, "ఇది ఫలానా వారి పలక" అని కాలనీ అంతా వినబడేలా అరుస్తుంది. నడవచ్చు, పరువే పోతుంది.

వంకలో మట్టి మనిషిని నడుముదాకా మింగుతుంది. కాలనీ వేసిన రోజు అక్కడ పలకలు పరవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పరుపులు కుట్టుకుని బతికే కాశింపీర ఒంటరివాడు. "నాకెవురుండారమ్మా, నావి ఆడ ఎయ్యండి" అన్నాడు. ఒక్కనాడూ తాళం వెయ్యలేదు. తొమ్మిది రోజుల కిందట నిద్రలోనే పోయాడు.

వంకకు అవతల ఇరవై రెండు కాపురాలున్నాయి. మూడు రోజులు దారి తెగితే ఆ ఇళ్లు నివాసానికి పనికిరావని రాసి, మరలు విప్పి తీసుకుపోతారు. ఇంటివాళ్ల పేర్లు మళ్లీ ఇళ్లకోసం ఎదురుచూసేవాళ్ల జాబితా అడుగుకు చేరతాయి. సుంకులమ్మ ఇల్లు వాటిలో ఒకటి. పదకొండేళ్లు ఆ జాబితాలో నిలబడి తెచ్చుకున్న ఇల్లు.

"ఇంటికొక పలక ఇస్తే ఈ సందు నిండుతాది గదా?"

"నిండుతుంది. ఎవరి పేర రాయాలి?"

"అందరిదీ అని రాయి."

"ప్రతి పలకకూ ఒక ఇంటి పేరు ఉండాలి. ఒక ఇంటికి ముప్పై ఆరు మించరాదు. అందరిదీ అనే గడి నా వద్ద లేదు."

సుంకులమ్మ ఇంక దానితో మాట పెంచలేదు. నేరుగా మద్దిలేటి ఇంటికి పోయింది. ముందువరుస నలభై ఇళ్లకూ ఆయన మాటే మాట. నిరుడు అవతలివాళ్ల ఇటుకల బండి ఆయన పలక మూల విరిచింది. ఆనాటి నుంచి అవతలివాళ్లందరికీ తాళం వేసి కూర్చున్నాడు. ఆమె పోయేసరికి అరుగు మీద బొరుగుల ఉగ్గాణి తింటున్నాడు.

సంగతంతా చెప్పి, "ఇంటికొక పలక ఇయ్యాలన్నా. నువ్వు ఇస్తే అందరూ ఇస్తారు" అంది.

"నీ ఇల్లు గూడా ఆపక్కనే గదా."

"అవునన్నా. నా ఇంటికోసరమే అడుగుతాండా. కాదని ఎట్ల చెప్పేది?"

మద్దిలేటి ప్లేటు పక్కన పెట్టాడు.

"ఆ పొద్దు పీరన్నను మోసకపోతాంటే..." అని ఆగిపోయాడు.

ఆ రోజు సంగతి కాలనీలో అందరికీ తెలుసు. కాశింపీరను అవతలివాళ్లు భుజాల మీద తీసుకుపోతుంటే, మద్దిలేటి పలకల మీద అడుగుపడిన ప్రతిసారీ "ఇది మద్దిలేటి గారి పలక" అని అరుపు వినిపించింది. మోసేవాళ్లు తలలు వంచుకుని నడిచారు. ఆయన పరుగెత్తుకొచ్చి తాళం తీసేలోపే శవం దాటిపోయింది.

"కావాలని చేయలేదు సుంకులమ్మా. మర్చిపోయినా."

"తెలుసన్నా."

"ఆయప్ప కుట్టిన పరుపు మీదే పండుకుంటాండా. తొమ్మిది రోజులాయె, కన్ను మూతపడలేదు." ఆమెవైపు తిరిగి అడిగాడు. "పలక బురదలో దిగబడిపోతే ఏం రాస్తావు నువ్వు?"

"పోయిందని రాస్తా. ఈ మట్టిలో అది మామూలే. రాసినాక పేరుబిళ్ల సచ్చిపోతాది. ఇంగ అది పాకదు, తాళం పడదు, గణకానికి కనపడదు."

"ఎవురిదవుతాది?"

"ఎవురిదీ కాదు."

మద్దిలేటి అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు.

"అట్లయితే నాది ఒకటి పోయింది" అన్నాడు మద్దిలేటి. "రాసుకో."

మధ్యాహ్నానికల్లా ముప్పై ఆరు ఇళ్లలో ఇంటికొక పలక పోయినట్టు ఆమె రాసింది. "ఒకే పూట ముప్పై ఆరు. వాన అంత ఎక్కువా?" అని గణకం అడిగింది. "ఎక్కువే" అంది సుంకులమ్మ. ఉద్యోగంలో చేరాక ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

మర్నాడు కాశింపీర పలకలు బడికి పోయే పిల్లల్లా వరసకట్టి కాలనీ దాటిపోయాయి. జనం గడపల్లో నిలబడి, ఆయన్నే రెండోసారి సాగనంపుతున్నట్టు చూశారు. అవి కనుమరుగయ్యాక తలా ఒక పలక మోసుకొచ్చి వంకలో పరిచారు. మూడో రోజు గణకం ప్రకటించింది. "వంకపై దారి లేదు. కానీ అవతలి పలకలు దిగినవారు పద్దెనిమిది అడుగుల తరువాత ఇవతలి పలకలు ఎక్కుతున్నారు. రాకపోకలు ఉన్నందున ఇళ్లు తొలగించబడవు." సుంకులమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

వచ్చిన చిక్కల్లా వానతోనే. దారి తనంతట తాను సర్దుకున్న రోజుల్లో చినుకు పడితే అందరూ తలుపులు మూసుకునేవారు. ఒకరితో ఒకరికి పని ఉండేది కాదు. ఇప్పుడు వంకలోని పలకలు పాకలేవు. ఎవరో ఒకరు బురదలో దిగి చేతులతో సర్దాలి.

పది రోజుల తరువాత సాయంత్రం పెద్ద వాన పడింది. తెరిపి ఇవ్వగానే సుంకులమ్మ చీర ఎగదోపుకుని వంకకు పరుగెత్తింది. అప్పటికే మద్దిలేటి మోకాళ్ల లోతున నిలబడి, కొట్టుకుపోతున్న పలకను కడుపుకు అదుముకుని ఉన్నాడు. దాని రెండో అంచు పట్టుకున్నవాడు నిరుడు ఇటుకల బండి తోలినవాడు. ఏడాదిగా మాటల్లేని ఆ ఇద్దరూ "ఇంచు కుడిపక్కకి, ఇంచు" అని ఒకరినొకరు గదమాయించుకుంటున్నారు. వెనక ఇంటింటి నుంచీ గంపలు, కడ్డీలు పట్టుకుని జనం దిగుతున్నారు.

చెవిపూస పలికింది. "వంకలో అరవై మంది ఉన్నారు. అక్కడ ఏముంది?"

ఇంక దాచడం సుంకులమ్మకు చేతకాలేదు.

"పలకలుండాయి."

"యజమాని పేరు?"

"కాశింపీర."

"ఆయన మరణించారు. వారసులు లేరు."

"ఉండారు" అంది ఆమె. "పేర్లు చెప్తా, రాసుకో."

ఆమె మాట విని మద్దిలేటి బురదలోంచి తలెత్తాడు.

"నా పేరు ముందు చెప్పు సుంకులమ్మా" అన్నాడు. "అందరికంటే ముందు వచ్చింది నేనే."