మీట నొక్కని ఎలుకలు

"రేపు ఉదయానికల్లా ఆ ఎలుకలు చావాలని ఫెంటనిల్ మత్తుమందు ముఠా నిర్ణయించింది," అంది చీఫ్ ఆస్ట్రాండర్. "చావకూడదు. నీ పని అంతే."

ఏజెంట్ టాకెట్ నవ్వలేదు. లెక్సింగ్టన్ లాబ్‌లో ఆ ఎలుకలకు మొదట ఫెంటనిల్ అలవాటు చేశారు. మీట నొక్కితే నరంలోకి మత్తు దిగేది. తిండి మానేసి మరీ నొక్కాయి. ఆ వ్యసనం మాన్పించే కొత్త మందు పడ్డాక మీట వంక చూడటమే మానేశాయి. ఆ మందు బజారుకొస్తే సముద్రం అవతలి ముఠా దుకాణం కట్టేసుకోవలసిందే. మనుషుల మీద పరీక్షకు పేరిచ్చినవాళ్ళలో టాకెట్ అక్క లొరీన్ ఉంది. ఆ మత్తుకే రెండుసార్లు ఆమె ఊపిరి ఆగిపోయి తిరిగొచ్చింది. మూడోసారి వస్తుందన్న ధీమా ఎవరికీ లేదు.

"లోపల మనవాళ్ళెవరు మేడమ్?"

"వెస్నా. ముఠాలో మన మనిషి. ఈ కబురు తెచ్చిందీ ఆవిడే. కోడ్ వర్డ్ 'మొక్కజొన్న రొట్టె'."

బోనులు కడిగేవాడి వేషం కట్టాడు టాకెట్. బ్రష్ పిడిలో పిస్టల్. ఆ మందు కనిపెట్టిన డాక్టర్ హాస్కెల్ అతని తల వాసన చూసి గుమ్మంలోనే ఆపేశాడు.

"ఆ క్రీము కడుక్కుని రావయ్యా. కొత్త వాసన తగిలితే ఇవి బెదిరిపోతాయి. మా ఆవిడ నాకు సెంటు కొనడం ఎప్పుడో మానేసింది."

సాయంత్రం గది లోపల్నుంచి టకటకా చప్పుడు. మీటలు. వారాల తరబడి ఎలుకలు ముట్టని మీటలు. టాకెట్ తలుపు తోశాడు. గుప్పున ఖరీదైన సెంటు వాసన. పచ్చ సిల్కు గౌను మీద తెల్లకోటు తొడుక్కుని వెస్నా ఎలుకల నీళ్ళ సీసాలోకి విషం సిరంజి దించబోతోంది. ఊళ్ళో దిగిన ముఠా నాయకుడి విందు నుంచి తిన్నగా వచ్చినట్టుంది.

"మొక్కజొన్న రొట్టె," అంది తీయగా.

"మాడిపోయింది," అని టాకెట్ పిస్టల్ ఎక్కుపెట్టాడు. చుక్క పడకముందే సిరంజి నేల మీద పడింది. ఆమె కబురు మోసింది ఈ గదిలోకి దారి కోసమేనన్నమాట.

బేడీలు వేసేసరికి హాస్కెల్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెస్నాను చూడనే లేదు. బోనుల వైపే చూస్తూ నిలబడిపోయాడు. చప్పుడు ఆగడం లేదు.

"అన్నీ బతికాయిగా డాక్టరుగారూ."

"బతికాయి. బెదిరినా నొక్కకుండా ఉంటేనే మందు పనిచేసినట్టు. కాస్త సెంటు వాసనకే మళ్ళీ మొదలెట్టాయి. మనుషులకి ఇంతకంటే పెద్ద భయాలుంటాయి కదయ్యా."

"అయితే మనుషుల మీద పరీక్ష?"

"ఇంకెక్కడి పరీక్ష?"

చీఫ్ ఫోన్లో అభినందించింది. టాకెట్‌కు ఏడుపొచ్చింది. ఆ వెంటనే అక్క ఫోన్.

"ఇవాళ ఎవర్ని కాపాడావురా తమ్ముడూ?"

అబద్ధాలాడటం అతని వృత్తి. అక్క దగ్గర మాత్రం ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎలుకల్ని."



"పోనీలేరా," అంది లొరీన్. "వాటికైనా వేళకి అందావు."