హెలిప్యాడ్ మీద డేగ

“రాడార్ తాతని ఎత్తుకుపోయారు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ రాడార్ తాత అని పిలుచుకునే ఆ సైంటిస్టు కాన్ఫరెన్స్‌కని విదేశం వెళ్ళి, హోటల్లో లిఫ్ట్ ఎక్కి, మరి దిగలేదు. ఇది రహస్యాలు కొని అమ్ముకునే ఓ విదేశీ ముఠా పని.

“ఇంకా ఆ రేవు ఊళ్ళోనే దాచారు. పడవ ఎక్కించారంటే ఇక మనకి దక్కడు. నువ్వు టూరిస్టువి. ఇదిగో నీ డ్రోన్. అరచేతిలో ఇమిడిపోతుంది, ఆకాశం నుంచి మనిషి మొహం పట్టేస్తుంది. కానీ విను, దిగగానే అక్కడి రూల్స్ చదువు. రిజిస్టర్ చెయ్యి. ఎక్కడ ఎగరేయకూడదో మ్యాప్ చూసుకో. ఇక్కడ చెల్లిందల్లా అక్కడ చెల్లదు.”

“బొమ్మే కదా సార్!” నవ్వేశాడు డేగ. బాంబులు విప్పిన చేతికి బొమ్మ గురించి పాఠాలా అనుకున్నాడు.

రేవు ఎదురుగా ఉన్న కాఫీ షాపులో లోకల్ కాంటాక్ట్ కలిసింది. కోడ్‌నేమ్ నెమలి. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్. షాపులో తలలన్నీ ఆమె వైపే తిరిగాయి.

“లెన్స్ తుడవడానికి గుడ్డ ఉందా?” అడిగాడు డేగ.

“తడిగుడ్డే ఉంది.”

కోడ్ కలిసింది. డేగ ఫోన్ తీసి మ్యాప్ వెతకబోయాడు. నెమలి ఆ ఫోన్ మీద చెయ్యి వేసింది.

“ఇంత చిన్నదానికి ఇక్కడ ఎవరూ అడగరండీ. నేనెన్నిసార్లు ఎగరేశానో! పదండి, హోటల్ టెర్రస్ మీద నుంచి రేవంతా కనిపిస్తుంది.”

ఆ చెయ్యి మెత్తగా ఉంది. డేగ ఫోన్ జేబులో పడేసుకున్నాడు.

డ్రోన్ తుమ్మెదలా ఝుమ్మని లేచింది. రిమోట్ స్క్రీన్ మీద ఒక తెల్లటి మోటర్‌బోట్. అందులోకి మనుషులు పొడవాటి పెట్టె దింపుతున్నారు. పెట్టెకి గాలి రంధ్రాలు!

‘దొరికార్రా!’ అనుకున్నాడు డేగ.

అంతలో కొండ వెనక నుంచి అంబులెన్స్ హెలికాప్టర్ వచ్చింది. హోటల్ పక్కనే ఉన్న ఆస్పత్రి మీద దిగబోతూ, ఎదురుగా డ్రోన్ కనపడగానే పక్కకి ఒరిగి, విసురుగా పైకి లేచి వెనక్కి వెళ్ళిపోయింది. ఆస్పత్రి పైకప్పు మీద స్ట్రెచర్ పట్టుకుని నిలబడ్డ డాక్టర్లు కొయ్యబారిపోయారు.

డేగ తల తిప్పి చూశాడు. నెమలి లేదు. మెట్ల మీద పోలీసు బూట్ల చప్పుడు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరమ్మ గొంతు పెంచలేదు.

“రిజిస్ట్రేషన్?”

“లేదు.”

“హెలిప్యాడ్ చుట్టుపక్కల ఎగరేయకూడదని తెలుసా?”

“చదవలేదు.”

“ఆ హెలికాప్టర్‌లో చిన్న పాప ఉంది. తలకి దెబ్బ. ఊరవతల మైదానంలో దింపి రోడ్డు మీద తీసుకొస్తున్నారు. ఇంకా చేరలేదు.”

శత్రువుల చేతుల్లో చావుదెబ్బలు తిన్నప్పుడు కూడా దించని తల, డేగ అప్పుడు దించాడు. తడిగుడ్డ అన్నప్పుడే తెలియాల్సింది, అది గొంతు కొయ్యడానికేనని. ఆమె ముఠా మనిషే, కావాలనే హెలిప్యాడ్ పక్కకి తెచ్చి ఇరికించింది. కానీ నెమలిని తిట్టుకోవడానికీ మొహం చెల్లలేదు. అబద్ధం ఆడింది ఆమే, చదవనిది మాత్రం తను.

అమాయక టూరిస్టులా బుకాయిస్తే సాయంత్రానికి లాయరు విడిపించుకుపోతాడు. ఈలోగా పడవ వెళ్ళిపోతుంది.

“మేడమ్, నేను టూరిస్టుని కాదు,” అన్నాడు. ఏ ఏజెంటూ నోరు జారి కూడా అనకూడని మాట అది. మిషన్ మొత్తం చెప్పేశాడు. “నా తప్పుకి శిక్ష వెయ్యండి. కానీ ముందు ఆ డ్రోన్‌లో రికార్డయింది చూడండి.”

చూసింది. ఫోన్ ఎత్తింది. “రేవు ముఖద్వారం గొలుసు ఎత్తండి, ఏ పడవా బయటికి పోకూడదు. వెంటనే!”

జీపు రేవు చేరేసరికి తెల్లబోటు గట్టు వదిలి, నీళ్ళు చీల్చుకుంటూ సముద్రం వైపు దూసుకుపోతోంది. రేవు ముఖద్వారంలో ఇనప గొలుసు నీళ్ళు కారుస్తూ మెల్లగా పైకి లేస్తోంది. బోటు ముక్కు ద్వారం దాటబోతుండగా గొలుసు బిగిసింది. ధడేల్! బోటు గిర్రున తిరిగి ఆగిపోయింది. డెక్ మీద నెమలి చేతులెత్తింది.

పెట్టెలోంచి లేచిన రాడార్ తాత డేగ చేతులు పట్టుకున్నాడు. “నాయనా, నన్నెలా కనిపెట్టావయ్యా?”

డేగ ఆయన్ని జాగ్రత్తగా జీపులో కూర్చోబెట్టాడు.

ఇన్‌స్పెక్టరమ్మని బతిమాలి ఆస్పత్రికి వెళ్ళాడు. ఆలస్యంగా చేరినా పాప గండం గడిచిందని నర్సు చెప్పింది. గది బయట, నలిగిన చొక్కాతో పాప తండ్రి నిలబడి ఉన్నాడు.

“ఆ డ్రోన్ ఎగరేసింది నేనేనండీ.”

తండ్రి అతన్ని ఎగాదిగా చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు.

“అక్కడ నిలబడకండి,” అన్నాడు. “స్ట్రెచర్లు వెళ్ళే దారి అది.”

డేగ గోడకి అంటుకుపోయాడు. జేబులో ఫోన్ మోగింది.

“శెభాష్!” అవతల చీఫ్ గొంతు. “తాత క్షేమంగా బయల్దేరాడు. మెడల్‌కి నీ పేరు పంపిస్తున్నా.”

“నా పేరు పంపడం అయిపోయింది సార్,” అన్నాడు డేగ. “కోర్టుకి.”