విజయరాణి పెంచిన పురుగులు

"ఛీ ఛీ! కోళ్ళకి పురుగులు మేపుతున్నారా?"

ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని అడిగాడు ల్యాబు నుంచి వచ్చిన అబ్బాయి. విజయరాణి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. కోళ్ళ ఫారంలోకి తళతళలాడే బూట్లు వేసుకొచ్చిన మనిషిని చూడటం ఆమెకదే మొదలు.

"లేకపోతే ఇడ్లీ సాంబారు పెట్టమంటారా? దిబ్బ మీద తిరిగే కోడి ఏం తింటుందనుకున్నారు?"

ఆగిరిపల్లి దగ్గర శ్రీమన్నారాయణగారి మామిడితోటని ఆనుకునే ఉంది ఆయన కోళ్ళ ఫారం. తోట కాపలా కాసే క్రీస్తుదాసు కూతురు విజయరాణి ఇంటర్ పాసై ఖాళీగా ఉందని, ఆయన అక్కడ పనిలో పెట్టుకున్నారు. రాలి కుళ్ళిన చిన్నరసాలు రెండు డ్రమ్ముల్లో వేసి, తవుడు కలిపి వదిలేస్తే, ఈగలు వాలి గుడ్లు పెట్టేవి. నాలుగు రోజులు తిరిగేసరికి బుట్టెడు పురుగులు. అవి తిని కోడిపిల్లలు బొద్దుగా పెరుగుతుంటే, ఆ ఉపాయం తనదేనని శ్రీమన్నారాయణగారు ఊరంతా చెప్పుకునేవారు.

1986 జూన్‌లో కోడిపిల్లలు తెల్లగా పారుకుని చచ్చిపోవడం మొదలైంది. అప్పటినుంచి ఆయన, ఆ ఉపాయం విజయరాణిదని చెప్పడం మొదలుపెట్టారు.

చావులకి కారణం తేల్చడానికే బెజవాడ నుంచి ఈ సువర్ణరాజుని పిలిపించారు. ఒంటిమీద తెల్లకోటు, చేతిలో ఐస్‌బాక్సు, జేబులో రెండు పెన్నులు, కళ్ళజోడు.

"సాల్మొనెల్లా అని ఒక సూక్ష్మజీవి అండీ. కంటికి కనబడదు," అన్నాడు గంభీరంగా.

"కనబడనిదాని కోసం కళ్ళజోడెందుకండీ?"

అతను చిన్న పటకారుతో రెట్టలు తీసి సీసాలో వేశాడు. తరవాత రెండు డ్రమ్ముల్లోంచీ పురుగులు తీశాడు. లూనా బండెక్కి వెళ్ళిపోయాడు. దుమ్ములో తెల్లకోటు ఎర్రబడటం చూసి విజయరాణికి చెప్పలేనంత హాయి అనిపించింది.

ఐదో రోజున రిపోర్టు తెచ్చాడు. రెట్టల్లో ఆ సూక్ష్మజీవి ఉంది. రెండు డ్రమ్ముల్లోనూ ఉంది.

"విన్నావుగా," అన్నారు శ్రీమన్నారాయణగారు. "మామిడి కోతలవగానే కూలీల చేత డ్రమ్ములు పూడ్పించేస్తా. నువ్వు రేపట్నుంచి తోటలో కాయలేరుకో."

విజయరాణి ఏడవలేదు. తిన్నగా సువర్ణరాజు ముందుకొచ్చి నిలబడింది.

"ఒక్క మాటండీ. ఆ రోజు పటకారు ముందు రెట్టల్లో పెట్టారు. కడక్కుండా దాన్నే పురుగుల్లో పెట్టారు. ఎంగిలి గరిటె కూరలో పెట్టకూడదని నాకు మా అమ్మ చెప్పింది. మీ కాలేజీలో చెప్పలేదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేను... మంటలో కాల్చే పెట్టానండీ."

"దేంతో? అగ్గిపెట్టయినా లేదు మీ దగ్గర."

తొలకరి చినుకులు మొదలయ్యాయి. అతను గొడుగు లేకుండానే వెళ్ళిపోయాడు. గెలిచానని సంబరపడబోయింది విజయరాణి. కానీ ఎందుకో వీలుకాలేదు. సరిగ్గా అబద్ధమాడటం కూడా రాని మనిషి అనుకుని, తనమీద తనే విసుక్కుంది.

మూడో రోజు అతను మళ్ళీ వచ్చాడు.

"ఆ రిపోర్టు తప్పండి," అన్నాడు శ్రీమన్నారాయణగారితో. "తప్పు నాది. అదే మా ఆఫీసరుగారికి రాసిచ్చాను."

"ఏమన్నాడాయన?"

"సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారండి."

విజయరాణి నాలుక చివర ఓ వెటకారం సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసి డ్రమ్ముల వైపు దారితీసింది.

కూలీలు కోతల్లో ఉండటం వల్ల డ్రమ్ములు ఇంకా అలాగే ఉన్నాయి. ఈసారి అతను స్పిరిట్ దీపం తెచ్చాడు. ముంచిన ప్రతిసారీ పటకారు మంటలో కాలుస్తున్నాడు. గాలికి దీపం ఆరకుండా ఆమె కొంగు అడ్డం పట్టింది. అతను ఒకసారి తలెత్తి చూశాడు. రెండోసారీ చూశాడు.

"ఇటు కాదండీ, పటకారు వంక చూడండి. మళ్ళీ మెమో వస్తుంది."

ఐదు రోజులకి తెచ్చిన రిపోర్టులో రెండో డ్రమ్ము శుభ్రంగా తేలింది. మొదటిదాంట్లో మాత్రం సూక్ష్మజీవి ఉంది.

"మొదటి డ్రమ్ములో వేరే ఏమైనా వేస్తారాండీ?"

"పళ్ళు, తవుడు. ఎండిపోతే నీళ్ళు."

"ఏ నీళ్ళు?"

ఆమెకి అప్పుడు తట్టింది. ఎండల్లో బావి అడుగంటింది. కోడిపిల్లలు తాగే డబ్బాల్లో మిగిలిన నీళ్ళు పారబొయ్యడం ఇష్టంలేక, దగ్గరున్న మొదటి డ్రమ్ములో పోసింది. ఆ డబ్బాల్లో పిల్లలు రెట్టలేస్తాయని తెలిసే పోసింది. జబ్బుపిల్లల నుంచి నీళ్ళకి, నీళ్ళ నుంచి పురుగులకి, పురుగుల నుంచి మంచి పిల్లలకి.

"నా చేత్తో నేనే చంపుకున్నాను," అంది మెల్లగా. అతను వెక్కిరిస్తాడని తల దించుకుని ఎదురుచూసింది. అతని స్థానంలో తానుంటే వదిలేది కాదు.

"నాకు మెమో ఇవ్వడానికి ఒకాయనున్నారు," అన్నాడు సువర్ణరాజు. "మీకు లేరు. అంతేనండీ తేడా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మొదటి డ్రమ్ములోది సున్నం కలిపి పాతిపెట్టించాడు. "ఇకమీదట మంచినీళ్ళే పొయ్యండి. శుభ్రంగా ఉందనుకున్నా సరే, పురుగుల్ని మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉడికించి, బుట్టలోకి తీసి..."

"పచ్చివి మోసిన బుట్టలోకి కాదు. వేరే బుట్టలోకి."

"నేను చెప్పబోయింది అదేనండీ."

"చెప్పేవారు. ఆర్నెల్లకి."

ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి.

జూలై చివరికి చావులు ఆగిపోయాయి. ఉపాయం మళ్ళీ శ్రీమన్నారాయణగారిదైంది. కానీ ప్రతి ఆదివారం లూనా వస్తూనే ఉంది.

"జబ్బు పోయిందిగా. ఇంకా ఏం పరీక్షండీ?"

"నిర్ధారణ కోసం."

"ఆరు వారాల నుంచా?"

సువర్ణరాజు కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు తిట్టని రోజు నాకు బాగుండటం లేదండీ. రోజూ తిట్టించుకోవాలని ఉంది. జీవితమంతా."

విజయరాణి కావాలని ముఖం చిట్లించింది. "ఇంతకంటే బాగా చెప్పడం రాదా? మీ రిపోర్టే నయం."

"రాసిమ్మంటే రాసిస్తానండీ."

"నాకొద్దు. వెళ్ళి మా నాన్నకి చెప్పండి. తడబడకుండా."

క్రీస్తుదాసు పాక ముందు నులకమంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఏం పని చేస్తావు బాబూ?"

"కోళ్ళ రెట్టలు పరీక్ష చేస్తానండీ."

క్రీస్తుదాసు కూతురి వైపు తిరిగాడు. ఉడికిన పురుగులున్న జల్లెడ చేత్తో పట్టుకుని, గుంజ చాటున నిలబడి సిగ్గుపడుతోంది ఆ పిల్ల.

"చేసుకోండి," అన్నాడు పెద్దగా నిట్టూర్చి. "మీ ఇద్దర్నీ ఇంకెవరు చేసుకుంటార్రా!"