ఎడమ భుజం మీది చూపు

సముద్రం పైకొచ్చి దివిసీమను మింగేశాక జనం నీళ్ళ మీదే ఊరు కట్టుకున్నారు. తెప్పపట్నం అని పేరు పెట్టుకున్నారు. ఇళ్ళూ బళ్ళూ అన్నీ పెద్ద పెద్ద తెప్పల మీదే. అల వస్తే బడి ఊగుతుంది, పిల్లల అన్నం గిన్నెలు ఈ చివర్నుంచి ఆ చివరికి జారతాయి. ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునే మనిషి ఒక్కరే, కోదండపాణి మాస్టారు. కూచిపూడి నేర్పేవాడి కాలికింద నేల కదిలితే ఎట్లా? అందుకని తన నాట్యశాలకు మాత్రం పోట్లాడి మరీ స్థిరపీఠం, అదే జైరో స్టెబిలైజర్, పెట్టించుకున్నారు.

ఆ ఉదయం పిల్లలు నాట్యకంచుకాలు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. కంచుకమంటే మెడ నుంచి మడమ దాకా ఉల్లిపొరలా అతుక్కుపోయే తొడుగు. మాస్టారు దాన్ని వేసుకుని ఆడితే, ఆయన మెదడు ఏ కండరానికి ఏ హుకుం పంపిందో అందులోని సెన్సర్లు రాసుకుంటాయి. ఆ రాత పేరు నాడీలిపి. దాన్ని ఇంకొకరి కంచుకంలోకి పంపితే సన్నటి విద్యుత్తు వాళ్ళ కండరాలను అచ్చం అలాగే కదిలిస్తుంది. బొత్తిగా అడుగు రానివాడి చేత కూడా ఆడించేస్తుంది. కొన్నాళ్ళు అలా ఆడితే ఇక తొడుగుతో పని లేదు. విద్య ఒంటికే పట్టేస్తుంది.

"నేను తన్నులు తిని నేర్చుకున్న అడుగు అమ్మాయ్ ఇది. వీళ్ళు పుచ్చకాయ తిన్నంత హాయిగా నేర్చేసుకుంటున్నారు," అన్నారు మాస్టారు, కుర్చీలో వెనక్కి వాలి.

ఆ అమ్మాయి నస్రీన్, కంచుకాన్ని తయారుచేసిన ఇంజనీరు. నవ్వలేదు. సెన్సర్ల రాత చూపించే చేతిలోని పలక వంకే చూస్తోంది.

మర్నాడు కళామండలి వాళ్ళు చూడటానికి వస్తున్నారు. సరేనంటే మాస్టారి నాట్యం తెప్పపట్నంలోని ప్రతి బడికీ వెళుతుంది. కాదంటే ఆయనతోనే ఆఖరు. ఏళ్ళకేళ్ళు గురువు ముందు కూర్చునే ఓపిక ఈ కాలంలో ఎవడికుంది? చెప్పుకోడానికి ఆయనకు అలా నేర్చుకున్న శిష్యుడు ఒక్కడూ మిగల్లేదు. అయినా మాస్టారికి బెంగ లేదు. తన విద్య మీద ఆయనకంత నమ్మకం.

జతి నడిచింది. జతిని ముగించే తీర్మానం దగ్గర పిల్లలందరూ ఆఖరి అడుగు వేసి, గిర్రున తిరిగి, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశారు. ఆ చూపే మాస్టారి సంతకం. నాయిక వెనక ప్రియుడి అడుగుల చప్పుడు వినబడినట్టుంటుందని రసికులు మురిసిపోతారు.

అందరిలోకీ చిన్నది మేదిని అక్కడే గొంతుక్కూర్చుని ఏడుపందుకుంది.

"ఏమైందే తల్లీ?"

"ఏమో మాస్టారూ. అక్కడికొచ్చేసరికి వెనకాల ఎవరో ఉన్నట్టుంటది. చూడబుద్ధి కాదు, చూడకుండా ఉండలేను."

మిగతా పిల్లలు కూడా నేల చూపులు చూశారు. నస్రీన్ పలక తెచ్చి మాస్టారి ఒళ్ళో పెట్టింది. "ఆ చూపు దగ్గర అందరి గుండె ఎగిరిపడుతోంది. మీదీ అంతే, రికార్డు చేసిన రోజున."

"అది శృంగారం అమ్మాయ్. నీకేం తెలుస్తుంది."

"శృంగారానికి వీపు బిగుసుకోదు మాస్టారూ. దెబ్బ పడబోతుంటే బిగుసుకుంటుంది."

మాస్టారు పలక పక్కన పెట్టి, తన ఎడమ పక్కకి చూశారు. ఆయన గురువు ఎప్పుడూ ఎడమ పక్కనే, కాస్త వెనగ్గా కూర్చునేవాడు. తాళం వేసే తట్టుకర్ర ఆయన చేతిలో ఉండేది. తీర్మానం తప్పితే ఆ కర్ర వీపు మీద తాళం వేసేది. ఆ గురువు పోయి ఎన్నేళ్ళయిందో! మాస్టారు ఏనాడూ పిల్లల మీద చెయ్యెత్తలేదు. తన కర్ర చెక్కను తప్ప మరి దేన్నీ తాకదని మీసం దువ్వుకునేవారు. తీరా చూస్తే, ఆ దెబ్బలన్నీ భద్రంగా దాచి ఈ పసివాళ్ళకు పంచిపెట్టింది ఆయన ఒళ్ళే.

"నాడీలిపిలోంచి భయం తీగ ఒక్కటీ తెంపెయ్యగలను," అంది నస్రీన్. "కానీ మీ చూపు మీ చూపులా ఉండదు."

"పోతే పోనీ. తెంపు."

తెంపింది. మేదిని మళ్ళీ ఆడింది. తిరిగింది. వెనక్కి చూసింది. అక్కడెవరూ లేరు. ఆ సంగతి తనకిప్పుడే తెలిసినట్టు ఫక్కున నవ్వింది. మాస్టారు ఆ నవ్వుని చాలాసేపు చూశారు. ఆ చూపు తనది కాదు. తనదానికంటే బావుంది.

మర్నాడు నాట్యశాల నిండిపోయింది. కళామండలి అధ్యక్షుడు గణపతిరాజు మేదిని తండ్రే. మాస్టారు పాతది తనే ఆడి, కొత్తది పిల్లల చేత ఆడించి చూపించి, జరిగినదంతా దాచకుండా చెప్పారు. జనం గుసగుసలాడుకున్నారు. గణపతిరాజు గొంతు సవరించుకున్నాడు.

"పాతదే ఖాయం చేద్దాం మాస్టారూ. భయం లేందే విద్యేం వస్తదండీ? మేం తిన్లేదా దెబ్బలు? చెడిపోయామా?"

"అందులోనూ మన చెయ్యి నొప్పెట్టదు," అన్నారెవరో. అందరూ నవ్వారు.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. "ఇంజనీరమ్మా, డాన్సు మాకొద్దులే గానీ, ఆ భయం ఒక్కటీ విడిగా ఇస్తారా? మావాడికి లెక్కలప్పుడు తొడుగుతాం."

"నాకూ ఒకటి!" "మా ఇద్దరికీ!" అంటూ చేతుల మీద చేతులు లేచాయి. నస్రీన్ పలకని వెనక్కి దాచుకుంది.

మాస్టారు మాత్రం తొణకలేదు. లేచి, పాత నాడీలిపి ఎక్కించిన సాగే కంచుకం ఒకటి తీసుకుని గణపతిరాజు దగ్గరికి వెళ్ళారు. "సరే రాజుగారూ. సరుకు చూడకుండా కొనకూడదు. ఒక్క తీర్మానం."

"నేనా? ఏనుగు గంతులేసినట్టుంటదండీ!" అంటూనే నవ్వుతూ తొడుక్కున్నాడు రాజు.

జతి మొదలైంది. అంత లావు మనిషీ దూదిపింజలా తేలాడు. జనం ఈలలు వేశారు. ఆఖరి అడుగు పడింది. తిరిగాడు. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. చూస్తూనే రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని కుప్పగా కూలిపోయాడు.

"కొట్టకు నాన్నా! కొట్టకు! ఇంకెప్పుడూ చెయ్యను!"

ఈలలు ఆగిపోయాయి. తెప్ప కింద నీళ్ళ చప్పుడు వినబడింది.

మేదిని పరుగెత్తుకెళ్ళి, తండ్రి భయంగా చూస్తున్న వైపే వెళ్ళి నిలబడింది. "ఎవరూ లేరు నాన్నా. నేనే."

రాజు చేతులు దించాడు. కూతుర్ని చూశాడు, మొహం తుడుచుకున్నాడు. నేల మీంచి లేవకుండానే నస్రీన్ వైపు తిరిగి, "ఆ పాతది చెరిపెయ్యండమ్మా. కొత్తదే బళ్ళకి పంపండి," అన్నాడు.

మాస్టారు హాలంతా ఒకసారి కలియజూశారు. "భయం విడిగా కావాలన్నవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. కొందరు మాత్రం, ఎందుకో మరి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు.