మేడ మీది ఎర్రగీతలు

బొంతపల్లి పోయే దారిలో ఒక మందుల కంపెనీ ఉంది. పేరెందుకులెండి. దాని వెనక మేడకు మెట్లెక్కగానే కుడిచేతి గది ఒకటుంది. ఆ గదికి మంచి పేరు లేదు.

పొద్దుగూకినాక అటువైపు ఎవరూ తలెత్తరు. తాళం వేసిన గది, లోపల మనిషి లేడు... అయినా రాత్రి ఎనిమిదయ్యేసరికి కిటికీ అద్దం మీద వెలుగు పడేది. ఆ వెలుగులో ఎర్రగీతలు కదిలేవి. ఒక మూల నుంచి ఇంకో మూలకు సాగేవి. సాగి సాగి వణికేవి, ఎవరో తాడు పట్టి గుంజుతున్నట్టు.

మొదట చూసింది వాచ్‌మన్ ఐలన్న. తరువాత ఒడిశా నుంచి వచ్చిన ప్యాకింగ్ పనివాళ్ళు ఇద్దరు చూశారు. మర్నాడే పగటి షిఫ్టు అడిగి మార్చుకున్నారు.

ఆ గదిలో పనిచేసినవాడు మా క్లారా భర్త విక్టర్. కంప్యూటర్‌లో మందుల అణువుల బొమ్మలు నడిపించి చూసే పని అతనిది. జూన్ నెలలో బీరంగూడ దగ్గర లారీ తగిలి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు.

"విక్టర్ సారు పని సగంల ఇడిసిపెట్టి పోయిండు. పూర్తి చేసుకోనీకి వస్తుండు" అన్నాడు ఐలన్న. ఆ మాట క్యాంటీన్‌కు పాకింది. క్యాంటీన్ నుంచి క్లారా చెవికీ చేరింది. విక్టర్ పోయాక ఆమెకు ఆ కంపెనీలోనే, స్టోర్స్‌లో ఉద్యోగమిచ్చారు మరి.

క్లారా సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. శవపెట్టె మట్టిలోకి దించేటప్పుడు ఆమె ఏడవలేదు. తరువాత ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనలో ఊరంతా ఏడిస్తే ఆమె కుర్చీలు లెక్కపెడుతూ కూర్చుంది. అయిదు నెలలు అలాగే గడిచాయి. పెడితే తినేది, ఉప్పు లేకపోయినా తినేది. వేడి గంజి పడి చేతి మీద బొబ్బ లేస్తే, అత్త మార్తమ్మ చూసి చెప్పేదాకా తెలియలేదు.

"ఏడువు బిడ్డా. ప్రభువు కూడా ఏడ్చిండు" అనేది మార్తమ్మ. క్లారా తలూపేది, అంతే.

గది మాట విన్నప్పుడు కూడా ఆమెకు భయం వేయలేదు. ఆ మాటకే అందరికీ వెన్నులో చలి పుడుతుంటే, తనకు ఏమీ పుట్టలేదు. ఇట్లా ఉంటే బతికున్నట్టేనా? భయమైనా వేస్తే చాలు అనుకుంది. ఏదో ఒకటి లోపలికి దిగితే చాలు.

శుక్రవారం ఆ గది ఖాళీ చేస్తారనీ, కంప్యూటర్ మొత్తం తుడిచేస్తారనీ కబురొచ్చింది. మిగిలింది గురువారం ఒక్కటే. రాత్రికి ఆ గదికి పోతానని పొద్దున్నే అత్తకు చెప్పింది.

"తప్పు బిడ్డా. సచ్చినోళ్ళు తిరగరు. నా కొడుకు నిద్రపోతుండు, లేపేది దేవుడే."

"ఒక్కసారి చూసొస్త అత్తమ్మా."

"చూస్తే ఏమైతది?"

"ఏమన్న అయితదేమో అని."

మార్తమ్మ కోడలు గేటు దాటేదాకా చూసి, ప్రార్థనకు మోకాళ్ళ మీదికి దిగింది.

గది తాళం చెవి రాకేష్ దగ్గరుంది. విక్టర్ కింద పనిచేసినవాడే. విక్టర్ పోయిన వారానికే తన కుర్చీ కిందికి మార్పించుకున్నాడు, మళ్ళీ మేడ ఎక్కలేదు.

"వదినా, నేను పిరికోణ్ణి. ముందే చెప్తున్న."

"తాళం తీసి నువ్వు మెట్ల కాడ ఉండు."

"నిన్నొక్కదాన్ని పంపిస్తే అన్న ఊకుంటడా..." అని నాలుక కరుచుకున్నాడు.

ఐలన్న టార్చి ఇచ్చాడుగానీ మొదటి మెట్టు ఎక్కలేదు. "గేటు కాడ కూడ మనిషుండాలె గద మేడం" అన్నాడు మెల్లగా.

మెట్లెక్కారు. ఎనిమిదికి రెండు నిమిషాలుంది. తాళం తీశారు. మూసిన గది వాసన. బల్ల మీద దుమ్ము, దుమ్ములో బల్లి నడిచిన జాడ. కుర్చీ కొంచెం వెనక్కి జరిపి ఉంది... ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు.

ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

లోపల ఏదో గుర్రుమంది. ఫ్యాను తిరిగింది. తెర దానంతటదే వెలిగింది.

నల్లటి తెర నడుమ రంగురంగుల గోళీల గుట్ట. దాని గుంతలో ఒదిగి ఇంకో చిన్న గుత్తి. చిన్నది కదిలింది... ఊగింది... మెల్లగా ఊడి దూరం జరగసాగింది. జరుగుతుంటే దాని వెంట మూడు ఎర్రగీతలు సాగాయి. అది తెర చివరికి పోయింది. గీతలు తెగలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు బిగుసుకుని వణికాయి.

"వీరభద్రసామీ..." రాకేష్ ఆమె కొంగు పట్టుకున్నాడు.

క్లారా భయం కోసం ఎదురుచూసింది. గీతలనే చూస్తూ, ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. ఏమీ రాలేదు.

ఇంతలో రాకేష్ కొంగు వదిలాడు. తెర దగ్గరికి వంగాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి... నవ్వుతున్నాడు.

"ఇదా? దీనికా మేమందరం పరేషానయింది?"

"ఏంది?"

"ఇది అన్న పెట్టిపోయిన పనే వదినా. పెద్దది రోగం తాలూకు ప్రోటీను, చిన్నది మందు. మందు దాన్ని పట్టుకుని ఉంటదా లేదా అని చూసుడు. ఆఫీసు ఖాళీ అయినంక ఎనిమిదికి దానంతటదే మొదలయ్యేటట్టు పెట్టిండు. లోపలికొచ్చి చూడనీకి మాకెవలకు ధైర్యం లేకపాయె."

"ఆ గీతలు?"

"బంధాలు. బాండ్లు అంటం. అసలు ఫైల్ల బంధం అని ఏం రాసి ఉండదు వదినా. ఎవరు యాడున్నరో గదొక్కటే ఉంటది. సాఫ్ట్‌వేరు మొదటి బొమ్మ చూసి, బాగ దగ్గరున్నోళ్ళ నడుమ గీత గీస్తది. అన్న మొదట్ల మందును జెర ఎక్కువ ఇరికించి పెట్టిండు. ఇగ కలిసే ఉన్నరనుకున్నది."

"తర్వాత దూరం పోయింది గద."

"మల్ల చూడదు అది. ఒక్కసారే చూస్తది. ఎంత దూరం పోయినా గీత అట్లనే ఉంటది."

"అంటే... ఆ రెంటి నడుమ ఏం లేదా?"

"లేదు వదినా. ఎప్పుడో ఇడిసిపోయింది." తప్పు దిద్దే ఉత్సాహంలో ఉన్నాడు రాకేష్, ఆమె ముఖం చూడలేదు. "మల్ల చూడుమని చెప్తే సరిపాయె. గిట్ల."

ఒక మీట నొక్కాడు.

గీతలు పోయాయి. పెద్దది నడుమ ఉంది. చిన్నది దూరాన, చీకటి అంచున, ఒంటరిగా తిరుగుతోంది.

"అయిపాయె. అసలు బొమ్మ ఇదే."

ఆ చప్పుడు యంత్రానిదనుకున్నాడతను మొదట. సన్నగా, లోతు నుంచి వచ్చింది. తరువాత పెద్దదైంది. వెనక్కి తిరిగి చూస్తే క్లారా నేల మీద కూలబడి ఉంది, రెండు చేతులూ దుమ్ములో. నోరు తెరుచుకుని ఉంది. ఆ అరుపు మేడంతా తిరిగి, మెట్లు దిగి, గేటు దాకా పోయింది.

గేటు దగ్గర ఐలన్న చెప్పులు మాత్రమే దొరికాయి.

కంప్యూటర్ తీసేశారు. గది ఖాళీ. ఎర్రగీతలు ఇప్పుడు ఎవరికీ కనబడవు. అయినా పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ఆ గదిలో ఆడమనిషి ఏడుస్తుందని చెప్పుకుంటారు. తన చెవులతో విన్నాననీ, గంటసేపు ఆగకుండా ఏడ్చిందనీ ఐలన్న పిల్లల మీద ఒట్టేస్తాడు.

గంట కాదు. రాకేష్ గోడ పక్కన కూర్చుని గడియారం చూశాడు. రెండు గంటల పది నిమిషాలు.