రంగుతొట్టి మీద గడ్డి

మూతపడ్డ మూడు మిల్లుల జాగాలని కలిపి పార్కు చేశారు. ఒకప్పుడు సరుకు రైలు నడిచిన దారే ఇప్పుడు నడకబాట. ఈ చివర నుంచి ఆ చివరికి చెట్ల నీడనే వెళ్లిపోవచ్చు. రేపే ప్రారంభం.

అక్కడ తోటపని చేసే ఆమెని మొగుడు 'పిచ్చుకా' అని పిలిచేవాడు. ఇంకెవరూ అలా పిలవరు. తను పనిచేసే రంగుల మిల్లు మూసిన రోజే అతను కనబడకుండా పోయాడు. "ఎవర్తినో వెంటేసుకుని రైలెక్కాడు. నా కళ్లతో చూశాను," అన్నాడు ఆమె అన్న. పదకొండేళ్లుగా చెల్లెలికి తిండీ నీడా ఇచ్చింది కూడా ఆ అన్నే. అప్పట్లో అదే మిల్లులో పనిచేసేవాడు, ఇప్పుడు పార్కు పనికి మేస్త్రీ.

పొద్దు వాలుతోంది. కూలీలు వెళ్లిపోయారు. ఎన్నిసార్లు పరిచినా ఒక్కచోట గడ్డి మాడిపోతోంది. "లోతుగా తవ్వకు చెల్లీ, పైపైన అతికించు చాలు," అని పొద్దున్నే చెప్పాడు అన్న. కానీ వేరు పట్టకపోతే గడ్డి ఎలా బతుకుతుంది? ఆమె గునపం దింపింది. పుల్లటి రంగు వాసన గుప్పుమంది. మొగుడి చొక్కాల్లో ఎంత ఉతికినా వదలని వాసన అది. గునపం ఇనుముకి తగిలి ఠంగుమంది.

లోపల్నుంచి జవాబొచ్చింది. ఠంగ్...

ఆమె గునపం వదిలేసింది. ఆకు కదలడం లేదు. మళ్లీ... ఠంగ్. ఠంగ్.

"పిచ్చుకా..."

మట్టిలోంచే. గుసగుసగా.

"మాకు ఊపిరాడట్లేదే... మీ అన్నని మూత తియ్యమను..."

వెనక అడుగుల చప్పుడు. అన్న. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతనికీ వినబడింది.

"రైలెక్కాడన్నావే, అన్నయ్యా."

అతను కూలబడ్డాడు. "ఈ రంగుతొట్టి కడగడానికి దిగాడు. విషగాలి పైకి తన్నుకొచ్చింది... మూసెయ్యమన్నారు మిల్లు యజమానులు. మూసేశాను."

"అరిచాడా?"

"సాయంత్రం దాకా," అన్నాడు.

పదకొండేళ్లు. మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, ఈ మనిషి చేతి అన్నం తింది. ఏడుపు రాలేదు. గేటు దాకా నడిచి, కాపలావాడి చేత పోలీసులకి ఫోన్ చేయించింది.

దీపాలు పెట్టి మూత ఎత్తారు. అడుగున ఒకే మనిషి ఎముకలు. అన్న అన్నీ ఒప్పుకున్నాడు.

మూత తిరగేశారు. లోపలివైపు తుప్పు మీద గోళ్ల గీరలు. వాటి పక్కన ఒక అరచేతి గుర్తు... నీలిరంగులో, ఇంకా తడిగా.

పసిపిల్లది.

"ఇదెవరిది?" అడిగాడు పోలీసు.

"అతనొక్కడే దిగాడు..." అంటూ అన్న తల అడ్డంగా ఊపి వెనక్కి జరుగుతున్నాడు. ఈసారి అతను అబద్ధం ఆడటం లేదని ఆమెకి తెలిసిపోయింది.